59 స్టేషన్లా, 57ఆ, 56ఆ: అర్రేలో డూప్లికేట్ అంటే ఏది?

హైదరాబాద్ మెట్రోకి మూడు లైన్లు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వెళ్లే రెడ్ లైన్‌లో 27 స్టేషన్లు, నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్లే బ్లూ లైన్‌లో 23, జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ వెళ్లే గ్రీన్ లైన్‌లో 9. మూడు లిస్టులూ తెచ్చి ఒకే అర్రేలో (ప్రోగ్రామ్ విలువలని వరసగా దాచుకునే లిస్టు) పోస్తే 59 పేర్లు అవుతాయి. కానీ ఎక్కడ చూసినా మెట్రో స్టేషన్లు 57 అనే ఉంటుంది. ఎందుకంటే అమీర్‌పేట రెడ్‌లోనూ బ్లూలోనూ ఉంది, ఎంజీబీఎస్ రెడ్‌లోనూ గ్రీన్‌లోనూ ఉంది, రెండోసారి పడిన ఆ రెండు పేర్లూ తీసేస్తే 57. లెక్క కుదిరింది కదా అని లేవబోతుంటే పరేడ్ గ్రౌండ్ అడ్డొస్తుంది. బ్లూ లైన్‌లో దాని పేరు ‘పరేడ్ గ్రౌండ్’, గ్రీన్ లైన్‌లో ‘జేబీఎస్ పరేడ్ గ్రౌండ్’. రైలు మారేవాళ్లు ఒకదాంట్లో దిగి నడుచుకుంటూ పోయి రెండోదాంట్లో ఎక్కుతారు, వాళ్లకి అదంతా ఒకటే చోటు, కాబట్టి 56. పేరు మాత్రమే చూసే ప్రోగ్రామ్‌కి అవి రెండు, కాబట్టి 57.

అర్రేలోంచి డూప్లికేట్లు తీసేయడం అనే పనిలో చిక్కంతా ఇక్కడే ఉంది. చాలా ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌లలో దీనికి ఒక లైన్ కోడ్ దొరుకుతుంది, కాపీ కొట్టి అతికిస్తే రన్ అవుతుంది, ఎర్రర్ కూడా రాదు. కానీ ఫలానా రెండూ ఒకటేనా కాదా అన్న తీర్పు ఆ లైన్ లోపల ఎవరో ముందే ఇచ్చేసి ఉంటారు, ఆ తీర్పు మన డేటాకి సరిపోతుందో లేదో చూసుకోకుండా వాడేస్తాం. స్పీడ్ గురించి జరిగే చర్చలో పదోవంతు కూడా ఈ తీర్పు గురించి జరగదు.

స్పీడ్ సంగతి ముందు చూసేద్దాం, అది తేలిక.

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఏ కోచింగ్ సెంటర్‌లో కూర్చున్నా ఈ ప్రశ్నకి మొదట నేర్పేది లూప్‌లో లూప్. ఒక్కో పేరు తీసుకోవడం, దాన్ని మిగతావాటన్నిటితో పోల్చడం. 59 పేర్లకి ఎక్కువలో ఎక్కువ 1,711 పోలికలు, కంప్యూటర్‌కి అది చిటికెలో పని. అదే లక్ష ఎంట్రీలు ఉంటే పోలికలు దాదాపు 500 కోట్లు, ఇక కూర్చుని చూడాల్సిందే. ఎంట్రీలు పదింతలైతే పని వందింతలవుతుంది, టెస్టింగ్‌లో పరుగెత్తిన కోడ్ అసలు డేటా మీద పడకేయడానికి కారణం ఇదే.

లూప్ పద్ధతిలో నెమ్మది కంటే పెద్ద గండం ఇంకొకటి ఉంది. అర్రే మీద నడుస్తూ నడుస్తూ అదే అర్రేలోంచి డిలీట్ చేయడం. మియాపూర్, అమీర్‌పేట, అమీర్‌పేట, అమీర్‌పేట అని నాలుగు పేర్లున్నాయనుకోండి, లెక్క సున్నా నుంచి మొదలు. లూప్ 2వ స్థానానికి వచ్చింది, అమీర్‌పేట ఇంతకుముందే ఉంది కాబట్టి తీసేసింది. వెంటనే 3లో ఉన్న అమీర్‌పేట జరిగి 2లోకి వచ్చి కూర్చుంది. లూప్‌కి ఆ సంగతి తెలియదు, అది 3కి వెళ్తుంది, అక్కడ ఏమీ లేదు, పని అయిపోయిందనుకుని ఆగిపోతుంది. చివరికి రెండు అమీర్‌పేటలు మిగిలాయి. ఈ బగ్‌లో ఉన్న దొంగతనం ఏంటంటే, డూప్లికేట్లు పక్కపక్కన లేని డేటాతో టెస్ట్ చేస్తే అసలు కనపడదు. వెనక నుంచి ముందుకి నడిస్తే తప్పుతుంది, లేదా పాత అర్రేని ముట్టుకోకుండా కొత్త అర్రేలోకి ఏరుకుంటూ పోతే ఇంకా హాయి.

రెండో దారి సార్టింగ్. వరసలో పెడితే ఒకే రకం పేర్లు పక్కపక్కకి చేరతాయి, ఒక్కసారి నడిచి పక్కదానితో పోలిస్తే చాలు. సీ ప్లస్ ప్లస్‌లో యూనిక్ అనే ఫంక్షన్, యూనిక్స్‌లో యూనిక్ కమాండ్, రెండూ పక్కపక్కన ఉన్న డూప్లికేట్లనే చూస్తాయి, సార్ట్ చేయకుండా ఇస్తే దూరంగా ఉన్నవాటిని వదిలేస్తాయి. పైగా సీ ప్లస్ ప్లస్‌ది ఇంకో వింత, అది అర్రేని చిన్నది చేయదు, పనికొచ్చేవి ముందుకి జరిపి తోక ఎక్కడ మొదలైందో చెప్తుంది, ఆ తోకని కోయడం మన పని. పేరు చూసి మోసపోయేవాళ్లు ఎప్పుడూ కొందరుంటారు.

సార్టింగ్‌తో పోయేది క్రమం. మెట్రో లిస్టుని అకారాదిగా పెడితే అమీర్‌పేట పక్కకి అసెంబ్లీ వచ్చి కూర్చుంటుంది, మధ్యలో ఉండాల్సిన పంజాగుట్ట, ఇర్రంమంజిల్, ఖైరతాబాద్, లక్డీకాపూల్ చెట్టుకొకటి పుట్టకొకటి అవుతాయి. స్టేషన్లు ఎన్ని అన్నదే కావాలంటే పర్వాలేదు, తర్వాతి స్టేషన్ ఏది అని అడిగే యాప్‌కి ఆ లిస్టు చెత్తబుట్టలోకే.

మూడోది, ఇప్పుడు అందరూ వాడేది, హ్యాష్. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే మనిషిని ఊహించుకుంటే ఇది సులువుగా అర్థమవుతుంది. చేతిలో ఉన్న కవర్‌ని గదిలో ఉన్న ప్రతి కవర్‌తో పోల్చి చూడడు కదా, పిన్ కోడ్ చూస్తాడు, 500072 ఉంటే కూకట్‌పల్లి అరలో, 500016 ఉంటే అమీర్‌పేట అరలో వేస్తాడు. ఇదే కవర్ ఇంతకుముందు వచ్చిందా అని ఎవరైనా అడిగితే ఆ ఒక్క అరలో వెతికితే చాలు. హ్యాష్ ఫంక్షన్ చేసేదీ అంతే: పేరుని ఒక నంబరుగా మారుస్తుంది, ఆ నంబరు ఏ అర అయితే అందులో మాత్రమే చూస్తుంది. లక్ష ఎంట్రీలకి 500 కోట్ల పోలికల బదులు ఇంచుమించు లక్ష సార్లు అర తెరవడంతో సరిపోతుంది. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1953లోనే ఈ ఆలోచన కాగితం మీద పెట్టాడు, అంటే మన పిన్ కోడ్ రావడానికి 19 ఏళ్ల ముందే.

ఒక పిన్ కోడ్ కింద వేల ఇళ్లుంటాయి, కాబట్టి ఒకే అరలో పడినంత మాత్రాన రెండు కవర్లూ ఒకే ఇంటివి కావు, అడ్రస్ పూర్తిగా చదవాలి. హ్యాష్‌లోనూ రెండు మెట్లు: ముందు ఏ అర, తర్వాత అరలో ఉన్నది నిజంగా ఇదేనా. జావాలో ఈ రెండు మెట్లకీ రెండు మెథడ్లున్నాయి, హ్యాష్‌కోడ్, ఈక్వల్స్. స్టేషన్ అనే క్లాస్ (స్టేషన్ వివరాలకి అచ్చులాంటిది) రాసి, ఈక్వల్స్ మాత్రం శ్రద్ధగా రాసి, హ్యాష్‌కోడ్ మర్చిపోతే ఏమవుతుందో చూడండి. ఒకే అమీర్‌పేటకి రెండు ఆబ్జెక్టులు (ఆ అచ్చులోంచి తయారైన ప్రతులు) వేర్వేరు అరల్లోకి పోతాయి, ఒకదానికొకటి ఎదురే పడవు, ఈక్వల్స్‌ని పిలిచే అవకాశమే రాదు. హ్యాష్‌సెట్‌లో (డూప్లికేట్లని రానివ్వకూడని పెట్టెలో) రెండూ ఉంటాయి. కోడ్ చదివితే అంతా సవ్యంగానే కనిపిస్తుంది, అందుకే దీన్ని పట్టుకోవడానికి సగం రోజు పోతుంది.

ఇక ఒక్కో లాంగ్వేజ్ ఇచ్చే తీర్పులు. జావాస్క్రిప్ట్‌లో ఒకే విలువని రెండుసార్లు ఉంచుకోని సెట్ 2015లో వచ్చింది. అర్రేని సెట్‌లో పోసి మళ్లీ అర్రేగా విప్పితే చాలు, వచ్చిన క్రమం కూడా చెదరదు. అంతకుముందు అందరూ ఫిల్టర్, ఇండెక్స్‌ఆఫ్ జంటని వాడేవాళ్లు: ఈ విలువ మొదటిసారి కనిపించిన స్థానమూ, ఇప్పుడున్న స్థానమూ ఒకటైతే ఉంచు, లేకపోతే తీసెయ్. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, పాత కోడ్‌లో ఇప్పటికీ నడుస్తోంది. కానీ అర్రేలో ‘నంబరు కాదు’ అని చెప్పే నాన్ అనే విలువ ఉంటే, నియమం ప్రకారం నాన్ తనకి తానే సమానం కాదు, అందుకని ఇండెక్స్‌ఆఫ్‌కి అది ఎప్పటికీ దొరకదు, ఫలితంగా డూప్లికేట్లే కాదు, అన్ని నాన్‌లూ ఊడ్చుకుపోతాయి. సెట్ మాత్రం నాన్‌ని నాన్‌తో సమానంగానే చూస్తుంది, ఒకటి మిగులుస్తుంది. అదే అర్రే, రెండు పద్ధతులు, రెండు జవాబులు.

సెట్ అందరినీ దెబ్బకొట్టేది ఆబ్జెక్టుల దగ్గర. పేరు అమీర్‌పేట, లైన్ రెడ్ అని అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉన్న రెండు ఆబ్జెక్టులు ఇచ్చినా సెట్ రెండిటినీ ఉంచేస్తుంది, ఎందుకంటే అది లోపలున్న డేటాని చూడదు, మెమరీలో ఇది అదే వస్తువా అని మాత్రం చూస్తుంది. సెట్ పనిచేయట్లేదని జనం గింజుకునేది ఎక్కువగా ఇక్కడే. ఆబ్జెక్టుని జేసాన్ అనే రూపంలో ఒకే అక్షరాల వరసగా, అంటే స్ట్రింగ్‌గా మార్చి పోల్చడం అనే చిట్కా ఒకటి తిరుగుతుంటుంది, ఒకదాంట్లో పేరు ముందు లైన్ తర్వాత ఉండి, ఇంకోదాంట్లో లైన్ ముందు పేరు తర్వాత ఉంటే ఆ చిట్కా కూడా చేతులెత్తేస్తుంది. ఏ ఫీల్డ్‌ని బట్టి ఒకటే అనాలో తేల్చుకుని ఆ ఫీల్డ్‌ని కీగా (గుర్తుపట్టే విలువగా) పెట్టి, కీ పక్కన విలువ దాచుకునే మ్యాప్‌లో వేసుకోవడమే సరైన పని.

పైథాన్‌లో సెట్ క్రమం పాటించదు. స్ట్రింగులైతే ఒకే ప్రోగ్రామ్‌ని రెండుసార్లు రన్ చేస్తే రెండు వరసల్లో రావచ్చు. క్రమం కావాలంటే డిక్షనరీకి (పైథాన్‌లో మ్యాప్ లాంటిది) ఉన్న ఫ్రమ్‌కీస్ వాడతారు, 3.7 వెర్షన్ నుంచి డిక్షనరీలో చేర్చిన క్రమం నిలుస్తుందని లాంగ్వేజే హామీ ఇచ్చింది. ఇక్కడో సరదా: పైథాన్ దృష్టిలో 1, 1.0, ట్రూ మూడూ సమానం, మూడిటినీ సెట్‌లో వేస్తే ఒక్కటే మిగులుతుంది. పీహెచ్‌పీలో అర్రే యూనిక్ మామూలుగా అన్నిటినీ స్ట్రింగులుగా మార్చి పోలుస్తుంది, పైగా తీసేసిన చోట్ల ఇండెక్స్‌లో ఖాళీలు వదిలేస్తుంది, ఆ ఖాళీలతోనే జేసాన్‌గా మారిస్తే అర్రే బదులు ఆబ్జెక్ట్ బయటికొస్తుంది, అవతల మొబైల్ యాప్ క్రాష్ అవుతుంది, ఇద్దరు డెవలపర్లు ఒకరినొకరు తిట్టుకుంటారు. ఎస్క్యూఎల్‌లో (డేటాబేస్‌ని అడిగే భాష) విలువ లేదని చెప్పే నల్, నల్‌తో సమానమని = పోలికలో ఒప్పుకోరు, డూప్లికేట్లు తీసే డిస్టింక్ట్ దగ్గర మాత్రం అన్ని నల్‌లనీ ఒకటిగానే లెక్కేస్తారు.

ఇవన్నీ లాంగ్వేజ్‌ల గొడవలు. తెలుగులో డేటా పెట్టుకున్నవాళ్లకి వీటి పైన ఇంకో పొర ఉంది, దాన్ని ఇంగ్లీషు ఉదాహరణలతో రాసిన ట్యుటోరియల్స్ ముట్టుకోవు. ‘హైదరాబాద్’ అనే మాటే తీసుకుందాం. మొదటి అక్షరం ‘హై’. చేత్తో రాసేటప్పుడు హ మీద ఎత్వం పెట్టి, కింద ఒక వంకర తిప్పుతాం, అంటే ఐత్వం రెండు ముక్కల గుర్తు. యూనికోడ్‌లోనూ (ప్రతి అక్షరానికీ కంప్యూటర్‌లో ఒక నంబరిచ్చే పద్ధతి) దీన్ని రెండు రకాలుగా రాయొచ్చు. ఐత్వానికి సొంతంగా 0సి48 అనే ఒకే కోడ్ ఉంది. అలా కాకుండా ఎత్వానికి 0సి46, కింది వంకరకి 0సి56 అని రెండు కోడ్‌లు పక్కపక్కన పెట్టినా అదే ఐత్వం. మొదటి పద్ధతిలో ‘హైదరాబాద్’ పొడవు 9, రెండో పద్ధతిలో 10. స్క్రీన్ మీద కళ్లు చిట్లించి చూసినా తేడా పట్టుకోవడం కష్టం. సెట్‌కి మాత్రం అవి రెండు వేర్వేరు ఊళ్లు.

మామూలు కీబోర్డుతో టైప్ చేస్తే ఒకే కోడ్ రూపమే వస్తుంది కాబట్టి ఇదేదో పుస్తకాల్లో సమస్య అనిపించొచ్చు. కానీ హెచ్ఎఫ్ఎస్ ప్లస్ అనే పాత మ్యాక్ ఫైల్ సిస్టమ్ ఫైల్ పేర్లని ఇలా విడగొట్టిన రూపంలోనే దాచేది. ఫైల్ పేర్ల లిస్టు అక్కడి నుంచి, ఊళ్ల పేర్ల లిస్టు ఎక్సెల్ నుంచి తెచ్చి కలిపితే రెండు హైదరాబాద్‌లు తయారవుతాయి. దీనికి మందు నార్మలైజేషన్, అంటే రాసిన రూపాలన్నిటినీ ఒకే రూపానికి తేవడం, జావాస్క్రిప్ట్‌లో స్ట్రింగ్‌కే ఆ పేరుతో మెథడ్ ఉంది, పైథాన్‌లో యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లో ఉంది. ఎన్ఎఫ్‌సీ అనే పద్ధతిలో నార్మలైజ్ చేస్తే ముక్కలు కలిసి 0సి48 అవుతాయి, రెండు హైదరాబాద్‌లూ ఒకటవుతాయి. పోల్చడానికి ముందు చేయాలి, తర్వాత కాదు.

అది చేసినా ఒకటి తప్పించుకుంటుంది. ‘హైదరాబాద్‌లో’ అని రాసేటప్పుడు ద్ కింద ల వత్తు పడకుండా మధ్యలో కనపడని ఒక క్యారెక్టర్ పెడతాం, దాన్నే జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అలాంటి వాక్యంలోంచి ఊరి పేరు కత్తిరించి తెస్తే ఆ కనపడనిది తోకకి అంటుకునే వస్తుంది, పొడవు 10 అవుతుంది, ఎన్ఎఫ్‌సీ దాన్ని ముట్టుకోదు. అలాగని కళ్లు మూసుకుని అన్నిచోట్లా తీసేయడానికీ లేదు, ‘అమీర్‌పేట’ మధ్యలో అది ఉండాల్సిందే, తీసేస్తే ర కింద ప వత్తు పడి మాట చదవలేకుండా తయారవుతుంది. కాబట్టి చూపించడానికి ఒక రూపం, పోల్చడానికి ఇంకో రూపం పెట్టుకోవాలి, పోల్చే రూపంలోంచి తీసేసి, చూపించే రూపాన్ని అలాగే వదిలేయాలి.

ఇక్కడిదాకా మెషీన్ సాయం చేస్తుంది, స్పెల్లింగ్ దగ్గరికొచ్చేసరికి చేయదు. లక్డీకాపూల్ అని ఒకరు రాస్తే లక్డికపూల్ అని ఇంకొకరు రాస్తారు, ఎవర్నీ తప్పనలేం. ఎన్ని మార్పులు చేస్తే ఒక మాట ఇంకో మాటవుతుందో లెక్కపెట్టే ఎడిట్ డిస్టెన్స్ అనే కొలత ఉంది, 1965లో వ్లదీమిర్ లెవెన్‌స్టైన్ ఇచ్చింది. దాని ప్రకారం ఈ రెండు రూపాలకీ తేడా 2: దీర్ఘం ఒకటి హ్రస్వం కావాలి, ఇంకొకటి పోవాలి. సరే, 2 లోపు తేడా ఉంటే ఒకటే అనుకుందాం అని రూల్ పెట్టామనుకోండి. మెట్రో లిస్టులో బ్లూ లైన్ మీద సికింద్రాబాద్ ఈస్ట్ ఉంది, గ్రీన్ లైన్ మీద సికింద్రాబాద్ వెస్ట్ ఉంది. ‘ఈస్ట్’ని ‘వెస్ట్’ చేయడానికి కూడా రెండు మార్పులే చాలు. లక్డీకాపూల్‌ని కలిపిన రూలే సికింద్రాబాద్‌లో ఉన్న రెండు వేర్వేరు స్టేషన్లని కలిపేస్తుంది. ఇటు చూస్తే ‘పరేడ్ గ్రౌండ్’కీ ‘జేబీఎస్ పరేడ్ గ్రౌండ్’కీ స్పేస్‌తో కలిపి 8 తేడా, ప్రయాణికుడికి అవి ఒకటే. అంటే రెండే తేడా ఉన్నవి వేరు, ఎనిమిది తేడా ఉన్నవి ఒకటి. అక్షరాలు లెక్కపెట్టి దీన్ని తేల్చే ఫార్ములా లేదు.

తేల్చేది మనిషి పెట్టిన టేబుల్. ప్రతి స్టేషన్‌కీ ఒక కోడ్, దాని పక్కనే ‘మారే చోటు’ అని ఇంకో కాలమ్. పరేడ్ గ్రౌండ్‌లు రెండిటికీ స్టేషన్ కోడ్‌లు వేరు, మారే చోటు ఒకటే. కోడ్‌ని బట్టి డూప్లికేట్లు తీస్తే 57, మారే చోటుని బట్టి తీస్తే 56, రెండూ సరైనవే. మెయింటెనెన్స్ సిబ్బందికి మొదటిది కావాలి, దారి చూపించే యాప్‌కి రెండోది.

కీ తేలాక కూడా ఒకటి మిగులుతుంది: రెండిట్లో ఏది ఉంచాలి. సెట్ మొదటిదాన్ని ఉంచుతుంది. మ్యాప్‌లో అదే కీతో మళ్లీ వేస్తే విలువ రెండోదానిది, వరసలో స్థానం మొదటిదానిది, కొంచెం విచిత్రమైన కలయిక. కస్టమర్ల లిస్టులో ఒకే మనిషి పాత ఫోన్ నంబరుతో ఒకసారి, కొత్త నంబరుతో ఒకసారి ఉంటే, మొదటిదాన్ని ఉంచే కోడ్ కొత్త నంబరుని పారేస్తుంది. తేదీ చూసి ఉంచాలి, వరస చూసి కాదు.

అసలు తీసేయకూడని డూప్లికేట్లూ ఉంటాయి. యూపీఐ లెక్కల్లో ఒకే రోజు ఒకే ఇరానీ హోటల్‌కి 20 రూపాయలు, మళ్లీ 20 రూపాయలు అని రెండు లైన్లు కనిపిస్తాయి. పేరు, తేదీ, మొత్తం కలిపి కీ అనుకుంటే రెండోది డూప్లికేట్. కానీ ఆ మనిషి పొద్దున ఒక చాయ్, సాయంత్రం ఒక చాయ్ తాగాడు. నెట్ సరిగా లేక యాప్ ఒకే పేమెంట్‌ని సర్వర్‌కి రెండుసార్లు పంపితే కూడా రెండు లైన్లు అచ్చం ఇలాగే వస్తాయి, అక్కడ మాత్రం ట్రాన్సాక్షన్ ఐడీ రెండిటికీ ఒకటే ఉంటుంది. ఐడీ కాలమ్‌ని ముందే వదిలేసి మిగతావాటితో డూప్లికేట్లు తీసిన రిపోర్టులో సాయంత్రం చాయ్ ఉండదు, నెలాఖరున బ్యాంకు లెక్కతో చూస్తే 20 రూపాయలు ఎక్కడా తేలవు.